గడప దాటని ఖుజస్తా

ఓరుగల్లు ముస్లింలమని చెప్పుకున్న ప్రతిసారీ మాకు 1323 గుర్తు చేస్తారు. ఉలుగ్ ఖాన్ కోట పట్టిన ఏడు అది. ప్రతాపరుద్రుణ్ణి బందీని చేసి ఢిల్లీ దారి పట్టించిన ఏడు. ఊరి పేరు సుల్తాన్‌పూర్‌గా మారిన ఏడు. బడిలో చరిత్ర పాఠం ఆ పేజీకి రాగానే తరగతిలోని తలలన్నీ ముగ్గురో నలుగురో సాయిబుల పిల్లల వైపు తిరగడం మాలో చాలామందికి అనుభవమే. ఏడు వందల ఏళ్ళ నాటి కత్తికి ఇప్పటికీ మేమే పూచీ. మండీబజార్‌లో పండ్ల బండి తోసుకునే మనిషికీ, ఇంటి అరుగు మీద బీడీలు చుట్టుకునే ఆమెకూ తుగ్లక్ సైన్యంతో ఏం సంబంధమని ఎవరూ అడగరు.

సరే. అదే తుగ్లక్ రాజ్యంలో, ఓరుగల్లు పడిన ఏడేళ్ళకు, 1330లో, ఇంకో పని కూడా జరిగింది. బదాయూన్‌లో స్థిరపడిన జియాఉద్దీన్ నఖ్షబీ అనే ముసల్మాను ఫారసీలో ఒక నవ్వుల పుస్తకం రాసి ముగించాడు. పేరు తూతీనామా. అంటే చిలక పుస్తకం. మొగుడు దేశాంతరం పోయిన ఒక పెళ్లయిన ఆడమనిషి, ఆమె మనసుపడిన ఇంకో మగవాడు, మధ్యలో ఒక చిలక. కత్తికి పుస్తకం చెల్లు అని మేం వాదించడం లేదు. కూలిన గుళ్ళకు కథ చెప్పి సరిపెట్టలేం. మమ్మల్ని గుర్తుపట్టడానికి ఎప్పుడూ ఒకే తేదీ ఎందుకు వాడతారన్నదే మా తగాదా. మమ్మల్ని మేం గుర్తుపట్టుకోవడానికి కూడా దాన్నే వాడుతున్నాం గదా అన్నది మాతో మాకున్న తగాదా. ఇక్కడి కోటలో తుగ్లక్ కాలపు కట్టడం తీరులో నిలబడి ఉన్న భవనాన్ని జనం ఖుష్ మహల్ అంటారు. సంతోషాల మేడ. ఆ పేరు నోటితో అంటూనే ఏడుపు మొహం పెట్టుకుని తిరుగుతున్నాం మనందరం.

కథ ఇదీ. మైమూన్ అనే వర్తకుడు మాట్లాడే చిలకను వెయ్యి నాణేలు పోసి కొంటాడు. దానికి తోడుగా ఒక గోరువంకను తెస్తాడు. సముద్రం మీద వ్యాపారానికి పోతూ, ఏం చేసినా ఈ రెండు పిట్టల్నీ అడిగి చెయ్యమని భార్య ఖుజస్తాకు చెప్పిపోతాడు. రోజులు గడుస్తాయి. ఖుజస్తా కంట్లో ఒక రాజకుమారుడు పడతాడు. రాత్రికి సింగారించుకుని గోరువంక దగ్గరికి వచ్చి పోనా అని అడుగుతుంది. గోరువంక నీతి చెబుతుంది. ఖుజస్తా దాన్ని పట్టుకుని నేలకేసి కొడుతుంది. పాపం, దాని కథ అంతటితో సరి. నీతులు చెప్పే పెద్దలకు ఈ ఒక్క పేజీ చాలు. చిలక మాత్రం బతకనేర్చింది. పో తల్లీ, తప్పకుండా పో అంటుంది. కాకపోతే ఫలానా ఊళ్ళో ఫలానా ఆమెకు వచ్చినట్టు చిక్కు వస్తే ఏం చేస్తావో ఆలోచించుకున్నావా అంటుంది. ఆమెకేమైంది అని ఖుజస్తా గడప దగ్గరే నిలబడుతుంది. కథ అయ్యేసరికి తెల్లారుతుంది. 52 రాత్రులు ఇదే తంతు.

దీన్ని నవల అనొచ్చా అని యూనివర్సిటీ మిత్రులు అడుగుతారు. ఒకే నాయిక, ఒకే ఇల్లు, ఒకే కోరిక, వరసగా రాత్రులు. పడమటి దేశాల్లో ఆ మాట పుట్టకముందు రాసింది కాబట్టి నవల కాదంటే ఆ మాటను వాళ్ళకే వదిలేద్దాం. మాకు ఖుజస్తా నవలా నాయికే. అన్నట్టు ఖుజస్తా అంటే శుభాన్ని తెచ్చేది అని అర్థం. నఖ్షబీ నవ్వు ఆ పేరు పెట్టడంతోనే మొదలైంది.

ఈ పుస్తకం పుట్టుకతో ముసల్మాను కాదు. సంస్కృతంలో శుకసప్తతి ఉంది. అక్కడ ఆమె పేరు ప్రభావతి. చిలక 70 కథలు చెబుతుంది. నఖ్షబీ కంటే ముందే ఎవరో ఫారసీలోకి తెస్తే, అది మరీ సాగదీసినట్టుంది, నువ్వు చక్కగా తిరిగి చెప్పు అని నఖ్షబీకి పురమాయించారు. అతను కొన్ని కథలు వదిలేసి, వేరే చోట్ల కథలు తెచ్చి కలిపాడు. ఆస్తి పంపకాల భాషలో మాట్లాడేవాళ్ళు ఇది మీదా మాదా అని అడుగుతారు. ఆడమనిషి తెలివికి నవ్వుకోవాలనిపించినప్పుడు ఒక సూఫీ ముసల్మాను బ్రాహ్మణ పుస్తకం దగ్గరికి పోవడానికి సిగ్గుపడలేదు. అందులో వింత ఉందని అతనికి తోచనే లేదు. మా అస్తిత్వంలో అతని భాగం ఎంతో, అతని మూలంగా ప్రభావతి భాగం కూడా అంత ఉంది.

సంస్కృతపు కథల్లో ఒకటి చెప్పుకుని పోదాం, ఈ పుస్తకాల నవ్వు ఎట్లాంటిదో తెలియడానికి. ఒకామె రాత్రి ప్రియుడి పక్కన నిద్రపోతుంది. మామ చూసి సాక్ష్యం కోసం కాలి అందె తీసుకుని పోతాడు. ఆమెకు మెలకువ వస్తుంది. ప్రియుణ్ణి పంపేసి మొగుణ్ణి లేపి, లోపల ఉక్కగా ఉంది అని అదే చోటికి తీసుకొచ్చి పడుకోబెడుతుంది. కాసేపటికి మళ్ళీ లేపి, మీ నాన్న చూశారా, మొగుడు పెళ్ళాం పడుకున్న చోటికి వచ్చి నా అందె లాక్కుపోయాడు అంటుంది. తెల్లారి మామ అందె చూపిస్తే కొడుకే తండ్రిని కసురుతాడు. మామ వదలడు. ప్రమాణం చేయమంటాడు. ఆ ఊళ్ళో యక్షుడి విగ్రహం కాళ్ళ సందులోంచి దూరి పోవాలి, అబద్ధం చెబితే యక్షుడు పట్టుకుంటాడు. ఆమె సరేనని ప్రియుడికి కబురు పెడుతుంది. దారిలో అతను పిచ్చివాడి వేషంలో వచ్చి ఆమె మెడ కౌగిలించుకుంటాడు. జనం అతన్ని తరిమేస్తారు. ఆమె యక్షుడి ముందు నిలబడి, నా మొగుణ్ణీ ఇందాకటి పిచ్చివాణ్ణీ తప్ప నన్ను ఇంకెవరూ తాకలేదు అని ప్రమాణం చేసి, కాళ్ళ సందులోంచి దూరి, ఇంటికి పోతుంది. యక్షుడికి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

ఇట్లాంటి కథలు రాత్రికొకటి చొప్పున ప్రభావతికి ఎవరు చెబుతున్నారో చూడండి. మొగుడు నమ్మిన చిలక. ఆమెను ఆపడానికి పెట్టిన కాపలా. ఆపుతున్నానంటూ తప్పించుకునే విద్యలన్నీ వరసగా నేర్పింది. పుస్తకం అయిపోయేసరికి ఆ ఊళ్ళో అందరికంటే చదువుకున్న ఆడది ఆమే! చాలామంది పండితులు ఈ పుస్తకాలను స్త్రీల మాయలు చెప్పే నీతి పుస్తకాలని రాశారు. స్త్రీలను నమ్మకు అని మగవాడికి చెప్పే పుస్తకాలన్నారు. అది కథ చుట్టూ కట్టిన ప్రహరీ. లోపల ప్రతిసారీ బోల్తా పడేది మొగుడు, మామ, యక్షుడు. మనం నవ్వేది ఎవరిని చూసి అన్నదే అసలు సంగతి.

నఖ్షబీ దగ్గర ఇంకో కథ ఉంది. అది మాకు మరీ ఇష్టం. ఒక వడ్రంగి, ఒక కంసాలి, ఒక దర్జీ, ఒక తపసి కలిసి ప్రయాణం చేస్తుంటారు. రాత్రి అడవిలో వంతులవారీగా కాపలా. వడ్రంగి పొద్దుపోక కొయ్యలో ఒక ఆడమనిషిని చెక్కుతాడు. కంసాలి నగలు పెడతాడు. దర్జీ బట్టలు కుడతాడు. తపసి దువా చేస్తే ప్రాణం వస్తుంది. పొద్దున లేచి నాదంటే నాదని నలుగురూ కొట్లాట. దారినపోయే మనిషిని తీర్పు చెప్పమంటారు. అతను చూసి, ఇది నా పెళ్ళాం, మీరు లేపుకొచ్చారు అంటాడు. అందరూ కలిసి కొత్వాల్ దగ్గరికి పోతారు. కొత్వాల్ చూసి, ఇది మా అన్న భార్య అంటాడు. ఖాజీ దగ్గరికి పోతారు. ఖాజీ చూసి, ఇది మా ఇంట్లో బాందీ, డబ్బెత్తుకుని పారిపోయింది అంటాడు! చివరికి ఒక చెట్టు దగ్గరికి పోతే చెట్టు నిలువునా చీలి, ఆమె లోపలికి పోయి కొయ్య అయిపోతుంది. ఏడుగురు మగవాళ్ళు ఒట్టి చేతులతో నిలబడతారు.

1330లో ఒక ముసల్మాను కొత్వాల్‌నీ ఖాజీనీ ఇట్లా బజార్లో నిలబెట్టాడు. రెండు శతాబ్దాల తర్వాత అక్బర్ ఈ పుస్తకాన్నే తన చిత్రకారులకు ఇచ్చి 250 దాకా బొమ్మలు వేయించాడు. ఆ ప్రతిలో ఎక్కువ భాగం ఇప్పుడు అమెరికాలో క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఉంది. ఈ రోజు మా మొహల్లాలో ఎవరన్నా ఖాజీ సాబ్ మీద ఇట్లాంటి కథ రాస్తే జుమ్మా నమాజు తర్వాత ఏమవుతుందో మాకు తెలుసు. అదే కథను ఇంకో మతంవాడు రాస్తే ఎవరు చప్పట్లు కొడతారో అదీ తెలుసు. ఈ రెండు భయాల మధ్య మా వాళ్ళ చేతుల్లోంచి కలం కాదు, ముందు నవ్వు జారిపోయింది.

తూతీనామా బదాయూన్‌లో ఆగలేదు. మన దగ్గరికి వచ్చింది. గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్‌షా దర్బారులో గవ్వాసీ అనే కవి 1639లో దాన్ని దక్కనీ పద్యంలో చెప్పాడు. దక్కనీ అంటే మేం ఇంట్లో మాట్లాడే మాట. నక్కో, హౌ, కైకూ అనే మాట. లక్నో ఉర్దూ వచ్చినవాళ్ళు విని ముసిముసిగా నవ్వే మాట. తెలుగువాళ్ళు తురకం అని తీసిపారేసే మాట. ఇరానీ రాజభాష చేతిలో ఉండగా గవ్వాసీ ఖుజస్తాను ఈ మాటలోకి ఎందుకు తెచ్చాడు? దర్బారు కవి గదా, సుల్తాను మెప్పు కోసమే అనొచ్చు. కానీ మొగుడు ఊళ్ళో లేని ఇంట్లో రాత్రిపూట గుసగుసగా నడిచే కథకు అరుగు మీది భాష కావాలని అతనికి తెలిసుండాలి.

ఆ గవ్వాసీయే మైనా సత్వంతీ అనే ఇంకో కావ్యం రాశాడు. అందులో మైనా పిట్ట కాదు, ఇల్లాలు. మొగుడు ఇంకొకామెతో వెళ్ళిపోతే, ఆశపెట్టడానికి వచ్చిన కుంటెనకత్తె మాటకు లొంగకుండా నిలబడుతుంది. ఒక పుస్తకంలో నీతి చెప్పిన మైనాను నేలకేసి కొట్టిన కవి ఇంకో పుస్తకంలో నీతి తప్పని మైనాకు పట్టం కట్టాడు. రెండూ ఒకే చేత్తో రాయగలిగిన కాలం అది. తర్వాత వచ్చిన మేం రెండో పుస్తకాన్నే మతం అనుకున్నాం.

గవ్వాసీ రాసిన శతాబ్దంలోనే తెలుగులో పాలవేకరి కదిరీపతి శుకసప్తతి పద్యకావ్యం వచ్చింది. తర్వాతి శతాబ్దంలో అయ్యలరాజు నారాయణామాత్యుడి హంసవింశతి. అందులో చిలక పోయి హంస వచ్చింది, హేమవతి అనే ఇల్లాలు రాజు దగ్గరికి పోకుండా 20 కథలు చెప్పి ఆపుతుంది. అసలు ఈ ఊరికే అట్లాంటి నవ్వు పాతది. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ఉన్న క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు దోస్తులు ఓరుగల్లు వీధులన్నీ ఒక్కరోజులో తిరిగేస్తారు. పూటకూళ్ళ ఇల్లు, వేశ్యవాడ, గుడి అన్నీ ఒకే నవ్వుతో చూస్తారు. తెలుగు సాహిత్య చరిత్రలు ఈ మూడింటికీ చోటిచ్చాయి. బూతు అని ముక్కు మూసుకుంటూనే ఇచ్చాయి. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో సురవరం ప్రతాపరెడ్డి ఈ పుస్తకాల్లోంచే మన తిండి, బట్టలు, ఆటలు, కులాల బతుకు వెతికి తీశాడు. ఎంత పెద్ద పని! మరి అదే నేల మీద, అవే కాలాల్లో, అదే కథను చెప్పిన గవ్వాసీ తెలుగువాళ్ళ సాంఘిక చరిత్రలోకి ఎందుకు రాలేదు? తెలుగులో రాయలేదు కాబట్టి అంటారు. ప్రేమాభిరామం సంస్కృతంలో రాసిన రావిపాటి త్రిపురాంతకుణ్ణి తెలుగు కవిగా చెప్పుకోవడానికి అడ్డురాని భాష గవ్వాసీ దగ్గర అడ్డొచ్చింది. సంస్కృతం మనది, దక్కనీ వాళ్ళది. సెక్యులర్ మిత్రులు కోపగించుకోకుండా ఈ లెక్క ఒకసారి చూడాలి. మతతత్వం మసీదు మీదికి ఎక్కినప్పుడు మాత్రమే కనబడేది కాదు, విషయసూచికలో కూడా ఉంటుంది.

కదిరీపతిని పొగిడే ముందు ఒక మాట. ఆ కావ్యంలో నవ్వుకు సరుకైన ఆడవాళ్ళలో పనిపాటల కులాలవాళ్ళు తక్కువేం లేరు. వాళ్ళ ఇళ్ళు, వాళ్ళ చీరకట్టు, వాళ్ళ మాటతీరు అంత వివరంగా తెలిసిన కవి ఎక్కడ నిలబడి చూస్తున్నాడు? ఎవరి ఆడవాళ్ళను చూసి ఎవరు నవ్వుతున్నారనే ప్రశ్న ఇక్కడ తప్పదు. దళిత స్త్రీలు అడగాల్సిన విధంగానే ఇది దూదేకుల, మెహతర్ ఇళ్ళ ఆడవాళ్ళు మా నవాబుల కథలను కూడా అడగాలి. ఖుజస్తా వర్తకుడి భార్య. ఆమె ఇంట్లో వంట ఎవరు చేశారో తూతీనామా చెప్పదు.

ఇంక చివరి రాత్రి. దీన్ని దాటేసి పోయే హక్కు మాకు లేదు.

సంస్కృతంలో మొగుడు తిరిగొస్తాడు, సంగతి తెలుస్తుంది, ఆమె గడప దాటలేదు గదా అని చిలకే నచ్చజెబుతుంది, ఇద్దరూ కలిసి బతుకుతారు. నఖ్షబీ దగ్గర మైమూన్ తిరిగొస్తాడు, చిలక జరిగింది చెబుతుంది, మైమూన్ ఖుజస్తాను చంపేస్తాడు. 52 రాత్రులు నవ్వించి ఆఖరి పేజీలో రక్తం. ఆమె ఒక్క రాత్రి కూడా గడప దాటలేదు. తలుచుకుంది, అంతే. ఫోర్ట్ విలియం కాలేజీ కోసం 1801లో హైదర్‌బఖ్ష్ హైదరీ ఉర్దూలో రాసిన తోతా కహానీలో కూడా ఈ ముగింపు మారలేదు.

ఈ మార్పు మతం వల్ల వచ్చిందని చెప్పడానికి కాచుకున్నవాళ్ళుంటారు. హిందూ చిలక క్షమించింది, ముస్లిం చిలక చంపించింది అని పేపర్లో శీర్షిక పెట్టేస్తారు. అంత తేలిక కాదు. రేణుక తల నరికించిన కథ ఏ భాషలోంచి వచ్చిందో వాళ్ళకు తెలియదా? ఆమెదీ మనసు చెదిరిన నేరమే. కానీ ఆ జవాబు చెప్పి మా ముస్లిం మగవాళ్ళం చేతులు దులుపుకోవడానికి కూడా వీల్లేదు. ఖాజీని చూసి అంతగా నవ్వగలిగిన నఖ్షబీ ఇంటి యజమానిని చూసి చివరిదాకా నవ్వలేకపోయాడు. మొగుడు ఊళ్ళో లేనంతసేపే నవ్వు నడిచింది. ఓడ దిగగానే ఆగిపోయింది. మాకు ఆ పుస్తకంలో నచ్చనిదీ, నిజమనిపించిందీ కూడా ఇదే. మా ఇళ్ళల్లో ఇప్పటికీ అంతే గదా. అబ్బా బయటికి పోయినప్పుడు వంటింట్లోంచి వినబడే నవ్వు, ఆయన చెప్పుల చప్పుడు వినగానే ఎటు పోతుంది?

తెలుగులో పెళ్లయిన ఆడమనిషి ప్రేమ అనగానే అందరూ చలం దగ్గరికి పోతారు. 1927 నాటి మైదానంలో వకీలు భార్య రాజేశ్వరి అమీర్‌తో వెళ్ళిపోతుంది. తన కథ తానే చెప్పుకుంటుంది, చిలకతో చెప్పించుకోదు. అక్కడ చలానికి మా సలాం. కానీ ఆ నవల్లో ఎవరైనా మనసారా నవ్వుతారా? రాజేశ్వరి స్వేచ్ఛకు అమీర్ శరీరం కావాల్సొచ్చింది. అమీర్ ఇంటిని, తల్లిని, మొహల్లాను నవల పెద్దగా పట్టించుకోదు. మైదానంలో నిలబడటానికి అతనికి మతం పేరు చాలు, అది ఉంటేనే అగ్రహారానికి షాక్. చివరికి అమీర్ చచ్చిపోతాడు. ముస్లిం మగవాడు కామానికీ కత్తికీ మధ్య బతికి పోయే పాత్ర అయ్యాడు. 1323లోనూ అదే, 1927లోనూ అదే. 2020 నుంచి ఉత్తరప్రదేశ్‌లాంటి రాష్ట్రాల్లో మతం మారి పెళ్లి చేసుకునేవాళ్ళ మీద వచ్చిన చట్టాల కాలంలో అమీర్ మైదానం దాకా కూడా పోలేడు, పోలీస్ స్టేషన్లోనే కథ అయిపోతుంది. రాజేశ్వరికి సరిజోడుగా ఒక రజియా బేగం మొగుడి మీద విసుగుపుట్టి ఇంకెవరినో చూసి నవ్వుకున్న నవల మనకు ఏదీ?

మా వాళ్ళూ తక్కువేం కాదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ పుట్టుమచ్చ వచ్చింది. 1998లో జల్‌జలా, 2004లో వతన్ వచ్చాయి. అవి రాకపోతే ఈ వ్యాసం రాయడానికి మేం ఉండేవాళ్ళం కాదు. ఆ కోపం న్యాయమైంది. ఖదీర్‌బాబు దర్గామిట్ట కథలు మా ఇళ్ళల్లోని నవ్వును తెలుగువాళ్ళకు వినిపించాయి. షాజహానా నఖాబ్‌లో కోపం లోపలి వైపుకు కూడా తిరిగింది. అయినా మా సాహిత్యంలో పెళ్లయిన ముస్లిం స్త్రీ ఎక్కువగా ఎట్లా కనిపిస్తుంది? తలాక్ అయినామె. అరబ్బు షేకుకు అమ్ముడుపోయిన పిల్ల. ఎడతెగని కాన్పులామె. ఇవన్నీ నిజాలే. కానీ బాధితురాలు అయితేనే ఆమెకు ప్రవేశమా? మెజారిటీ పాఠకుడి జాలి కోసం ఆమెను ఏడిపిస్తున్నాం, మొహల్లా పెద్దల కోసం ఆమెను పరువుగా ఉంచుతున్నాం. రెండు చోట్లా ఆమె నవ్వడానికి లేదు.

ఇది ఒక్కసారి జరిగింది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్ళలో రెండు పక్కలా ఒకేసారి జరిగింది. అష్రఫ్ అలీ థాన్వీ బెహిష్తీ జేవర్ అప్పుడే వచ్చింది. పెళ్లికూతురి సామానుతో పాటు ఇచ్చే ఆ పుస్తకంలో ఆడవాళ్ళు చదవకూడని పుస్తకాల పట్టిక కూడా ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని అచ్చువేస్తే 1911లో ప్రభుత్వం నిషేధించింది. ఆడది రాసిన బూతు అని మన సంస్కర్తలే అంతకుముందు అసహ్యించుకున్న పుస్తకం అది. 1946లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం వచ్చాక గానీ నిషేధం పోలేదు. మౌల్వీ, సంస్కర్త, తెల్లదొర. ముగ్గురూ ఒకరితో ఒకరు పడనివాళ్ళు. ఇల్లాలు ఏం చదివి నవ్వుకోవాలన్న దగ్గర ముగ్గురూ ఏకమయ్యారు. ఆ తాళం పడిన అలమరాలు పక్కపక్కనే ఉన్నాయి, మనం మాత్రం ఒకళ్ళ అలమరా ఒకళ్ళు చూసుకోలేదు.

ఖుజస్తా పాత కథ అనుకునేవాళ్ళు కరీంనగర్, నిజామాబాద్, వరంగల్ పల్లెల వైపు పోయి చూడండి. మైమూన్ ఓడెక్కాడు, మావాళ్ళు విమానం ఎక్కుతున్నారు. దుబాయి, జెద్దా, కువైట్. పెళ్లయిన మూడో నెలలో పోయినవాడు రెండేళ్ళకో మూడేళ్ళకో సెలవు మీద వస్తాడు. హిందువుల ఇళ్ళల్లోనూ ఇదే. వెనక ఉన్న భార్యకు కాపలాగా అత్త ఉంటుంది, ఆడబిడ్డ ఉంటుంది, ఎదురింటి ఖాలా ఉంటుంది. ఇప్పుడు వీడియో కాల్ ఉంది. మాట్లాడుతూనే ఫోన్ అటు తిప్పు, వెనక ఎవరున్నారు అని అడిగే మొగుళ్ళున్నారు. వెయ్యి నాణేల చిలక ఇప్పుడు చేతిలోకే వచ్చేసింది. ఈ రెండేళ్ళలో ఆ అమ్మాయి మనసులో ఏముందో మన కథకులు అడిగితే ఏమొస్తుంది? కన్నీళ్ళే వస్తాయని ముందే రాసిపెట్టుకుని పోతే కన్నీళ్ళే వస్తాయి.

ఆ అమ్మాయికి అందరూ కథలు చెబుతున్నారు. 1985లో షాబానో తీర్పు వచ్చినప్పుడు చెప్పారు. 1986లో చట్టం చేసి మా మతపెద్దలను ఊరడించినప్పుడు చెప్పారు. 2019లో మూడు తలాక్‌లకు జైలుశిక్ష పెట్టినప్పుడు, మీ ఆడవాళ్ళను మేం కాపాడుతున్నాం అని చెప్పారు. పర్సనల్ లా బోర్డు చెప్పింది, పార్లమెంటు చెప్పింది, టీవీ చెప్పింది. నిజాయితీగా చెప్పాలంటే మేం కూడా, ఈ సంకలనాల్లో రాసే మగవాళ్ళం, చెబుతూనే ఉన్నాం. ఒక్కోడిది ఒక్కో రంగు చిలక. ఎవరి కథ బాగున్నా తెల్లారేసరికి ఖుజస్తా అదే గడప దగ్గర.

గవ్వాసీ లాంటి దక్కనీ కవులు పోయాక ఈ నవ్వు పూర్తిగా ఆగిపోలేదు. మగవాళ్ళ ముషాయిరాల్లో మజాహియా కవిత్వంగా బతికింది. సులేమాన్ ఖతీబ్ అత్తాకోడళ్ళ గొంతులు పెట్టి చదివితే జనం పొట్టలు పట్టుకునేవాళ్ళు. బీజాపూర్‌లో హాష్మీ కాలం నుంచీ ఆడవాళ్ళ గొంతుతో మగవాళ్ళు రాయడం దక్కన్‌లో ఉన్నదే. అది గొప్ప నైపుణ్యమే గానీ అక్కడా చిలకే మాట్లాడుతోంది. ఆడవాళ్ళు తమ గొంతుతో నవ్వే చోటు ఒకటి మిగిలి ఉంది. పెళ్లిళ్ళలో, మాంఝా నాటి రాత్రి, మగవాళ్ళను బయటికి పంపి తలుపేసుకుని పాడే ఢోలక్ పాటలు. సమ్‌ధన్‌ను ఆడిపోసుకుంటారు. పెళ్లికొడుకు మామను ఎవరికో అంటగడతారు. అరవై ఏళ్ళ నానీ గొంతెత్తి అన్న మాటకు కొత్త దుల్హన్ ముసుగులోనే నవ్వు ఆపుకోలేక ఊగిపోతుంది. ఆ గదిలో చిలక లేదు. డీజే వచ్చాక, ఢోలక్ మంచిది కాదని చెప్పే కొత్త జమాతులు వచ్చాక, ఆ రాత్రులు కూడా పలచబడుతున్నాయి.

గవ్వాసీ తూతీనామాను హైదరాబాద్ ఉర్దూ పండితులు అచ్చువేసి చాలా ఏళ్ళయింది. ఉర్దూ లిపి రాని మా పిల్లలకు అది అందదు. తెలుగు బడిలో చదివి ఇంట్లో దక్కనీ మాట్లాడే తరం ఇప్పుడు మాదే, కాబట్టి తెలుగు లిపిలో దక్కనీ మాటతో దాన్ని దించే పని కూడా మాదే. ఆ పని మొదలుపెట్టేవాళ్ళు రాతప్రతిని ముందు మా దగ్గరికీ ప్రొఫెసర్ల దగ్గరికీ తేవొద్దు. ఢోలక్ కొట్టే ఆ నానీల దగ్గరికి తీసుకుపోయి, మగవాళ్ళు లేని పూట చూసుకుని, ఆడపిల్లలే చదివి వినిపించాలి. ఎక్కడ నవ్వారో రాసుకోవాలి. ఎక్కడ లేచి వంటింట్లోకి పోయారో రాసుకోవాలి. కొయ్య ఆడమనిషి దగ్గర ఖాజీని ఏమని తిట్టారో అదీ. ఇక చివరి రాత్రి మైమూన్ ఓడ దిగి ఇంటికొచ్చే చోట చదవడం ఆపి, తర్వాత ఏమైంది నానీ అని వాళ్ళనే అడగాలి.